చెప్పులు కుట్టిన చేతితో రాజ్యాంగ సంతకం

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అనగానే జెఫర్సన్, ఫ్రాంక్లిన్ గుర్తుకొస్తారు. దానిని రూపొందించేందుకు 1776లో నియమించిన ఐదుగురిలో ఒకరైన రోజర్ షెర్మన్‌ను తలచేవారు అరుదు. ఆయన మొదట చెప్పులు కుట్టేవాడు, ఆ తరువాత కొట్టు పెట్టుకున్నాడు.

షెర్మన్ 1721లో మస్సాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పుట్టాడు. 1741లో తండ్రి మరణించగా, రెండేళ్లకు కనెక్టికట్‌లోని న్యూ మిల్‌ఫర్డ్ చేరి, అన్నతో కలిసి వ్యాపారము సాగించాడు.

ఆ రోజుల్లో బేరాలు చాలావరకు అరువు మీదనే. ఇరుగుపొరుగు వలసలైన రోడ్ ఐలండ్, న్యూ హాంప్‌షైర్ అచ్చువేసిన కాగితపు నోట్ల విలువ మాత్రము నానాటికీ పడిపోయేది. సరుకు తీసుకొని చాలాకాలానికి అవే నోట్లు తెచ్చి బాకీ చెల్లిందంటే, అంకె సరిపోయేది గాని కొట్టువాని మూలధనము కరిగిపోయేది. నలుగురికీ అరువిచ్చే చిన్న కొట్టువారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు! 1752లో షెర్మన్ మారుపేరుతో ఒక చిన్న పుస్తకము వేయించాడు. విలువ నిలవని నోటు దొంగ తూకము వంటిదే, దానిని దేవుని ఆజ్ఞ, మనుష్యుల చట్టము రెండూ ఖండిస్తాయని ఆయన వాదన.

తరువాత సొంతగా చదువుకొని 1754లో న్యాయవాది అయ్యాడు. మరుసటి ఏడు కనెక్టికట్ శాసనసభకు ఎన్నికయ్యాడు. సంఘములో డీకనుగా కూడా సేవచేశాడు.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ జరిగినప్పుడు ఆయనకు 66 ఏళ్లు. ఒక సభలో జనాభాను బట్టి స్థానాలు, రెండవ సభలో అన్ని రాష్ట్రాలకూ సమాన ఓటు అనే రాజీ ప్రధానంగా ఆయన చలవే. ఆగస్టు 28న విల్సన్‌తో కలిసి మరో ప్రతిపాదన తెచ్చాడు: రాష్ట్రాలు కాగితపు నోట్లు వేయరాదు, బంగారు వెండి నాణేలు తప్ప మరి దేనినీ అప్పు తీర్పుకు చెల్లుబాటు చేయరాదు. సభ అంగీకరించింది. ఒకనాటి కొట్టు గల్లాపెట్టె దగ్గరి బాధ రాజ్యాంగములో చేరింది.

అయితే ఇంకొకటి దాచకూడదు. దానికి ఆరు రోజుల ముందు, ఆగస్టు 22న, బానిసల వ్యాపారము మీద చర్చ జరిగింది. అది తనకు నచ్చదంటూనే, దక్షిణాది రాష్ట్రాలు ఐక్యత నుండి తప్పుకుంటాయేమోనని, దాని జోలికి పోవద్దన్నాడు షెర్మన్. దొంగ తూకాన్ని సహించని మనిషి మనుష్యుల క్రయవిక్రయాన్ని సర్దుకుపోయాడు. చివరకు బానిసల దిగుమతిని 1808 వరకు నిషేధించరాదని రాజ్యాంగములో వ్రాశారు. షెర్మన్ సెనేటు సభ్యునిగా ఉండగానే 1793 జూలై 23న న్యూ హేవెన్‌లో కన్నుమూశాడు. ఓడలు ఇంకా వస్తూనే ఉన్నాయి.