గుండె వినే మాట, గుండె చెప్పే మాట

"గుండె ఝల్లుమంది", "గుండె బరువెక్కింది", "గుండె దిటవు చేసుకున్నాడు" అనే పలుకుబళ్లు తెలుగువారి నోట తరచుగా వినిపిస్తాయి. శరీరశాస్త్రం దృష్టిలో మాత్రం గుండె పిడికెడంత కండరం. విశ్రాంతిగా ఉన్న మనిషిలో అది నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని శరీరానికి పంపుతుంది. చాలాకాలంపాటు శాస్త్రజ్ఞులు దానిని ఒక పంపుగానే భావించారు. కాని గుండె ఇతర అవయవాల మాట వింటుంది. తన మాట వాటికి చెబుతుంది కూడా.

ఆ మాటలను మోసుకుపోయేవే హార్మోన్లు. ఇవి రక్తంలో కలిసి దూరాన ఉన్న అవయవాలను చేరుతాయి. అమైనో ఆమ్లాలు గొలుసువలె కలియగా ఏర్పడిన వాటిని పెప్టైడ్ హార్మోన్లు అంటారు. ఇవి కణం పొరను నేరుగా దాటలేవు. పొరపై ఉండే గ్రాహకాలు అనే ప్రొటీన్లకు అతుక్కొని సందేశాన్ని లోపలికి అందిస్తాయి. తాళానికి తగిన తాళంచెవి ఉన్నట్లే, హార్మోనుకు తగిన గ్రాహకం ఉండాలి. అది లేని కణానికి ఆ సందేశం వినిపించదు.

క్లోమంలో తయారయ్యే గ్లూకగాన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో 29 అమైనో ఆమ్లాలుంటాయి. రక్తంలో చక్కెరను పెంచడం దీని ముఖ్యమైన పని. ఇది గుండె కణాల మీది గ్రాహకాన్ని తాకినప్పుడు లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అనే పదార్థం పుడుతుంది. దాని ప్రభావంతో కాల్షియం ఎక్కువగా కణంలోకి వస్తుంది. అప్పుడు ఆక్టిన్, మయోసిన్ అనే సన్నని పోగులు ఒకదానిపై ఒకటి మరింత బలంగా జారుతాయి. ఇదే సంకోచం. దీనికి కావలసిన శక్తిని ఎ.టి.పి. ఇస్తుంది. 1929లో ఈ ఎ.టి.పి.ని గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

బీటా బ్లాకర్ మందులు మోతాదు మించి గుండె మందగించినప్పుడు వైద్యులు గ్లూకగాన్ ఇవ్వడం కద్దు. బీటా గ్రాహకాల దారి మూసుకుపోయినా, గ్లూకగాన్‌కు వేరే దారి తెరిచే ఉంటుంది.

అయితే అన్ని ఆజ్ఞలూ అన్ని వేళలా మేలు చేయవు. ఆంజియోటెన్సిన్-2 అనేది 8 అమైనో ఆమ్లాల పెప్టైడ్. రక్తపోటు పడిపోయినప్పుడు అది రక్తనాళాలను బిగించి ప్రాణాన్ని కాపాడుతుంది. బలహీనపడిన గుండెకు మాత్రం అదే ఆజ్ఞ ఎడతెగకుండా అందితే, అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్లవుతుంది. గుండె గోడలు మందమై, బిరుసెక్కుతాయి. ఈ హార్మోను తయారీని అడ్డుకొనే కాప్టోప్రిల్ అనే మందు 1981లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. దానికి దారి చూపింది బ్రెజిల్ దేశపు ఒక పాము విషంలోని పెప్టైడ్లు!

అదే 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్, ఆయన సహచరులు మరొక వింతను వెల్లడించారు. ఎలుక గుండె కర్ణికల నుంచి తీసిన రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించగా, అవి ఉప్పునూ నీటినీ మూత్రంలో ఎక్కువగా విసర్జించాయి. వాటి రక్తపోటు తగ్గింది. రక్తం ఎక్కువై కర్ణికలు సాగినప్పుడు గుండె తానే ఒక పెప్టైడ్ హార్మోనును విడుదల చేస్తుందని ఈ పరిశోధనల వల్ల తేలింది. "నా బరువు తగ్గించండి" అని మూత్రపిండాలకూ రక్తనాళాలకూ గుండె పంపే మనవి అది. జఠరికలు ముఖ్యంగా విడుదల చేసే బి.ఎన్.పి. కూడా ఇటువంటిదే. ఆయాసంతో వచ్చిన రోగి రక్తంలో దీని పరిమాణం చూసి, ఆ ఆయాసానికి గుండె కారణమా కాదా అని వైద్యులు అంచనా వేస్తారు.

గుండె మొర వినడానికి ఒకప్పుడు స్టెతస్కోపు ఉండేది. నేడు రక్తపు చుక్క కూడా ఆ మొరను వినిపిస్తున్నది. సకాలంలో విన్నప్పుడే వైద్యం ఫలిస్తుంది.