చుక్కాని నీకు... తాడు నాకు!

తెరచాప పడవ నడిపేవాళ్లను ఏది కష్టమని అడిగి చూడండి. అలలు అనరు, తుపాను అనరు. పడవను తెచ్చి గట్టుకు కట్టడం అంటారు. అందులోనూ పడవలో ఇద్దరే ఉండి, ఆ ఇద్దరూ భార్యాభర్తలైతే ఇక చెప్పనక్కర్లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో బర్క్‌లీ మరీనా ఉంది. గోల్డెన్ గేట్ వంతెనకు సూటిగా ఎదురొడ్డున. వేసవిలో మధ్యాహ్నమయ్యేసరికి కాలిఫోర్నియా మధ్యలోయ కాలిపోతుంటుంది. పైకి లేచిన వేడిగాలి స్థానంలోకి పసిఫిక్ మీది చల్లగాలి ఆ వంతెన కింది ఇరుకు సందులోంచి దూసుకొస్తుంది. 20, 25 నాట్లంటే అక్కడ మామూలు గాలే. అందులో హాయిగా తిరిగిన జంట, తమ పడవ పట్టేంత ఇరుకు చోటు, అంటే స్లిప్, కనబడగానే బిగుసుకుపోతుంది. ఆయన వెనక చక్రం పట్టుకుని ఉంటారు. ఆమె ముందు కొసన తాడుతో నిలబడుతుంది. గట్టు దగ్గరపడేకొద్దీ గొంతులు పెరుగుతాయి. పక్క పడవల్లోవాళ్లు కాఫీ కప్పులు కిందపెట్టి సాయానికి పరిగెత్తుకొస్తారు.

మావారూ నేనూ సెయిలింగ్ నేర్చుకున్నది ఈ అఖాతంలోనే. ఫ్రీమాంట్ నుంచి కారులో వచ్చి, శనివారాలు నీళ్లమీద గడిపేవాళ్లం. అందుకే ఇది దూరం నుంచి చూసి రాస్తున్న కథనం కాదు.

ముందు పడవ స్వభావం తెలియాలి. కాటలీనా 30 ఈ తీరంలో బాగా కనిపించే పడవ. 1970ల నుంచి మూడు దశాబ్దాల పైగా 6,000కు మించి తయారయ్యాయి. పొడవు 30 అడుగులు, బరువు నాలుగున్నర టన్నులు. కారైతే బ్రేకు తొక్కితే ఆగుతుంది. దీనికి బ్రేకు లేదు. మోటారు ఆపినా తన బరువుతో తాను సాగిపోతూనే ఉంటుంది. రివర్స్ వేస్తే ఆగుతుంది కానీ, ఎక్కువ పడవల్లో ప్రొపెల్లర్ తిరిగే తీరువల్ల తోక ఎడమకు జరుగుతుంది. చుక్కాని పనిచేయాలంటే దానిమీదుగా నీళ్లు పారాలి. అంటే మరీ నెమ్మదిస్తే పడవ మాట వినదు, వేగంగా వెళ్తే గట్టును గుద్దుతుంది. ఇదంతా చాలనట్టు ముందుభాగం నీటిపైన ఎత్తుగా, నీటిలోపల లోతు తక్కువగా ఉంటుంది. గాలి ముందుగా దాన్నే పక్కకు నెడుతుంది.

ఇంత బరువును చేతులతో లాగి ఆపాలనుకోవడంలోనే గొడవంతా మొదలవుతుంది. ముందు కొసనున్న మనిషి గట్టు మీదికి దూకి, ముందు తాడు బిగించి లాగుతుంది. వెంటనే ముక్కు వెళ్లి గట్టును కొడుతుంది, తోక పక్క పడవ వైపు తిరుగుతుంది. లాగినకొద్దీ ఇంకా తిరుగుతుంది. ఆమె తప్పేమీ లేదు. ముందు కట్టాల్సిన తాడు అది కాదు, అంతే.

ముందు కట్టాల్సింది పడవ నడిమి నుంచి వెనక్కి వెళ్లే స్ప్రింగ్ లైన్ అనే తాడు. దీన్ని చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. తాడు పట్టుకునే మనిషి ముక్కు దగ్గర కాక, పడవ బాగా వెడల్పుగా ఉండేచోట, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఇనుప తీగల పక్కన నిలబడుతుంది. అక్కడ ఒక చెయ్యి తీగమీద ఉంచవచ్చు, గట్టూ దగ్గరే. దూకే పనే ఉండదు, మామూలుగా అడుగు వేసి దిగడమే. దిగగానే గట్టుమీద తాళ్లు కట్టే కొక్కేనికి, అంటే క్లీట్‌కు, తాడు ఒక్క చుట్టు చుట్టి, బిగించకుండా కొంచెం కొంచెంగా వదులుతుంది. తాడు క్లీట్‌ను రాసుకుంటూ కిర్రుమంటుంది. ఆ రాపిడే పడవను ఆపుతుంది. నాలుగున్నర టన్నులు ఒక్క చేతికి లొంగి నిలబడతాయి. అప్పుడు తాడు కట్టేసి, వెనకున్నవాళ్లు మోటారును ముందు గేరులో నెమ్మదిగా ఉంచి, చక్రాన్ని గట్టుకు అవతలివైపు తిప్పితే చాలు. పడవ ముక్కూ తోకా రెండూ గట్టుకు ఆనుకుని కదలకుండా ఉంటాయి. మిగతా తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు.

బలంతో పనిలేదని తెలిశాక అసలు ప్రశ్న వస్తుంది. మరి బలమున్న మనిషి చక్రం దగ్గర కూర్చుని, సన్నటి మనిషి తాడుతో దూకడం ఎందుకు? ఆలోచించి చేసిన పంపకం కాదది. కారులో డ్రైవరు సీటు అలవాటే పడవలోకీ వచ్చింది. దాన్ని మార్చి తీరాలని నా అభిప్రాయం. ఆడవాళ్లు చుక్కాని పట్టగలరా అన్న సందేహం ఎవరికైనా ఉంటే తారిణిని గుర్తుచేసుకోవాలి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, మరుసటేడు మే నెలలో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆ భారత నౌకాదళ పడవలో ఆరుగురూ మహిళలే. వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు.

ఇక అరుపుల సంగతి. ఎదురుగాలిలో వస్తున్నప్పుడు వెనకనున్నవాళ్ల మాటను గాలి వెనక్కే మోసుకుపోతుంది. పైగా మోటారు చప్పుడు. వినబడాలంటే అరవాల్సిందే. అరిచిన మాట, అందునా భర్త అరిచిన మాట, తిట్టులాగే చెవిన పడుతుంది. అందుకని కొందరు ఇద్దరికీ చెవి మైకులు కొనుక్కుంటారు. మంచిదే. చేతి సైగలు ఖర్చులేనివి, అవీ మంచివే. కానీ అన్నిటికంటే మేలైనది, మరీనా లోపలికి రాకముందే, బయట విశాలమైన నీళ్లలో ఐదు నిమిషాలు ఆగి మాట్లాడుకోవడం.

"ఎడమవైపు కడదామండీ. గాలి కుడినుంచి తోస్తోంది, దానంతటదే గట్టుకు చేరుస్తుంది."

"సరే. గట్టు రాసుకోకుండా ఫెండర్లన్నీ ఎడమకు వేలాడదీస్తా. స్ప్రింగ్ లైన్ నా చేతిలో ఉంటుంది. నువ్వు బాగా నెమ్మది చేశాకే దిగుతా."

"గాలి ఎక్కువైతే?"

"కట్టొద్దు. బయటికి తీసుకుపో, మళ్లీ వద్దాం."

ఆఖరి మాటకు ఇద్దరూ కట్టుబడాలి. కుదరకపోతే తిరిగి వెళ్లడం ఓటమి కాదు. పడవకూ గట్టుకూ మధ్య చెయ్యో కాలో పెట్టి ఆపాలని చూడటమే ప్రమాదం. ఫైబర్‌గ్లాస్ మీద గీత పడితే పూడ్చుకోవచ్చు. నలిగిన వేళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మోటారే లేకుండా ఇదంతా చేసిన దంపతులున్నారు. లారీ పార్డీ, లిన్ పార్డీ తమ చేతులతో కట్టుకున్న 24 అడుగుల సెరాఫిన్‌ను 1968లో కాలిఫోర్నియాలో నీళ్లలోకి దించారు. పదకొండేళ్లు దాంట్లో లోకం తిరిగారు. రేవుల్లోకి తెరచాపతోనే వచ్చేవారు. గాలి పడిపోతే వెనకనుంచి పొడవాటి తెడ్డు వేసేవారు. మోటారు తోడు లేనివాళ్లకు రేవు చేరడమంటే గాలినీ ప్రవాహాన్నీ ముందే చదువుకోవడం. మనకు మోటారున్నా ఆ చదువు తప్పదు.

సాధన ఎలా? అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ పాఠాల్లో డాకింగ్‌కు విడిగా ఒక కోర్సే ఉంది. సొంతంగా చేయాలంటే ఒక ఫెండర్‌ను నీళ్లలో వదిలి, దాని పక్కకు వచ్చి కచ్చితంగా ఆగడం నేర్చుకోవాలి. గుద్దినా నష్టం లేదు. ఆ తర్వాత ఖాళీగా ఉన్న పొడవాటి గట్టు, ఆ తర్వాతే స్లిప్. బర్క్‌లీలో గాలి లేవని ఉదయాలు ఇందుకు అనువు. ఓక్లాండ్‌కూ అలమీడాకూ మధ్యనున్న పాయలోనైతే గాలి పోటు తక్కువ. ప్రతి వారం చోట్లు మార్చుకోవాలి. ఒకసారి ఆయన చక్రం, మరోసారి ఆమె.

ఇద్దరికీ చెయ్యి కుదిరాక మిగిలే పరీక్ష ఒకటుంది. దీన్ని మాత్రం ఏ జంటా వాయిదా వేయకూడదు. ఒకరు చక్రం ఉండే కాక్‌పిట్‌లో ఊరికే కూర్చోవాలి. తాడు ముట్టకూడదు, సలహా ఇవ్వకూడదు. రెండోవాళ్లు ఒంటరిగా పడవను తెచ్చి, చక్రం దగ్గరనుంచి స్ప్రింగ్ లైన్ దాకా నడిచి, దిగి కట్టాలి. నడి అఖాతంలో ఒకరికి గుండెనొప్పి వస్తే, చెయ్యి విరిగితే, రెండో మనిషి చేయాల్సింది సరిగ్గా ఆ పనే.