గాలిలో వచ్చిన పాఠము

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణమున కళాశాలలు మూయబడినవి. హైదరాబాదు వసతిగృహములలోని విద్యార్థులు పెట్టెలు సర్దుకొని స్వగ్రామములకు మరలిపోయిరి. జహీరాబాదు చుట్టుపట్ల పల్లెలకును అట్లే వచ్చి చేరిరి. కొన్నాళ్లకు పాఠము కూడ సెల్‌ఫోను ద్వారా వారి వెంట ఇంటికి వచ్చినది. ఈ ఆన్‌లైన్ విద్యను గూర్చి విద్యార్థు లేమనుకొనిరి?

హైదరాబాదు విశ్వవిద్యాలయ అధ్యాపకులు 2020లోనే ఈ విషయమై తమ విద్యార్థులను ప్రశ్నించిరి. సుమారు 2,500 మంది సమాధాన మిచ్చిరి. వారిలో నూటికి 90 మందికి సెల్‌ఫోను కలదు. కాని ఆన్‌లైన్ తరగతులను అందుకొనగలమని చెప్పినవారు నూటికి 37 మందియే. తక్కినవారు కొంతవరకే వీలగుననియో, బొత్తిగా వీలుకాదనియో తెలిపిరి. సిగ్నలు నిలుకడగా లేకుండుట, డేటాకగు ఖర్చు వారి ముఖ్యమైన ఇబ్బందులు.

చేత ఫోనుండియు పాఠ మందకపోవుట యెట్లు? మీ ఇంటి రేడియోతో పోల్చి చూచిన ఇది సులభముగా బోధపడును. రేడియో కేంద్రము పంపు ప్రసార మొక్కటే. పదిమంది విన్నను, పదివేలమంది విన్నను దాని బలము తరుగదు. వినువారి సంఖ్యతోపాటు ఖర్చు పెరుగదు. ఆన్‌లైన్ పాఠ మట్లు కాదు. అది ప్రతి విద్యార్థికిని విడివిడిగా చేరవలెను. ఒక టవరు పరిధిలోనివా రందరును దాని శక్తిని పంచుకొనవలెను గనుక, వాడువారు పెరిగినకొలది ఒక్కొక్కరి వాటా తగ్గును. బొమ్మతో కూడిన గంట పాఠమునకు వందల మెగాబైట్ల డేటా ఖర్చగును. ఇంటిలో ఇద్దరు ముగ్గురు చదువుకొనువారుండి ఫోనొక్కటే యైనచో, ఎవరి పాఠము ముందను చిక్కు కూడ కలదు.

అయినచో రేడియో పాఠమే చాలునా? చాలదు. రేడియో పాఠము వినువాడు తన సందేహమును అప్పటికప్పుడు అడుగజాలడు. ఈ సంగతి మనవారికి ముందే తెలియును. 1982లో స్థాపితమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేర పిలువబడు సార్వత్రిక విశ్వవిద్యాలయము ఇంటివద్ద చదువుకొను వారికై ఏర్పడినదే. అయినను అది ముద్రిత పాఠములతో తృప్తిపడక, అధ్యయన కేంద్రములలో అధ్యాపకుని ముఖాముఖి కలిసికొను తరగతులను కూడ ఏర్పరచినది.

జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామము ఇంకొక దృష్టాంతము. దక్కను డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘముల స్త్రీలు అచ్చట 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించిరి. సేద్యము చేసికొను స్త్రీలే అందు మాటలాడిరి, వారే వినిరి. వినువానికి మాటలాడు అవకాశము కూడ ఉండుటయే దాని విశేషము.

ఫోనున్నను పాఠ మందరికి అందదని విద్యార్థుల సమాధానములు తెలుపుచున్నవి.   కావున మరల నట్టి కష్టకాలము వచ్చినచో, పాఠమును తక్కువ డేటాతో వినుటకును, అచ్చులో చదువుటకును, రేడియోలో అందుకొనుటకును వీలు కల్పింపవలెను. సందేహము తీర్చుటకు అధ్యాపకుడు ఒక్క ఫోను పిలుపు దూరమున నైనను ఉండవలెను. తరగతి ప్రారంభించుటకు ముందు, ఎందరికి ఫోను కలదని గాక, ఎందరికి పాఠ మందుచున్నదని అడుగుట మేలు.