బంతి విసిరే యంత్రానికి మోటారు ఎంపిక: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో క్రికెట్ సాధనకు బంతి విసిరే యంత్రాన్ని సొంతంగా తయారుచేసుకోదలచిన వారికి తొలి సమస్య మోటారు ఎంపిక. ఇందులో అశ్వసామర్థ్యం కన్నా భ్రమణ వేగమే కీలకం.

విశ్లేషణ:
వ్యతిరేక దిశల్లో తిరిగే రెండు చక్రాల నడుమ ఒత్తిడికి గురైన బంతి దాదాపు వాటి అంచు వేగంతో వెలువడుతుంది. బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో రావాలంటే 25 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి సుమారు 2,120 సార్లు తిరగాలి. జారుడు వల్ల కలిగే నష్టాన్ని దృష్టిలో ఉంచుకొని మరికొంత వేగం గల మోటారును ఎంచుకోవాలి. 160 గ్రాముల బంతికి అందవలసిన శక్తి సుమారు 62 జౌళ్లు మాత్రమే. ఆ క్షణంలో దానిని ప్రధానంగా అందించేది బరువైన చక్రంలో నిల్వ ఉన్న శక్తి. తగ్గిన వేగాన్ని తదుపరి బంతిలోగా పూరించడమే మోటారు పని.

కృష్ణా డెల్టాలో సుపరిచితమైన నీటి పంపు మోటార్లలో నిమిషానికి సుమారు 2,880 సార్లు తిరిగేవి ఉన్నాయి. అయితే వాటి వేగాన్ని మార్చడం సులభం కాదు. వేగం తగ్గించలేని యంత్రం నేర్చుకునే పిల్లలకు ప్రమాదకరం. రెండు చక్రాల వేగాల్లో తేడా లేకుంటే బంతికి స్పిన్ కూడా రాదు. కారు స్టార్టర్ మోటారు కొద్ది సెకన్ల పనికే ఉద్దేశించినది కనుక త్వరగా వేడెక్కుతుంది.

ముగింపు:
నిరంతరం తిరగగలిగి, వోల్టేజీతో వేగం మారే డి.సి. మోటార్లు రెండు, వేర్వేరు నియంత్రికలతో అమర్చడం సముచితం. బ్యాటరీతో నడిచే రకమైతే విద్యుత్తు లేని మైదానంలోనూ ఉపకరిస్తుంది. చక్రాలకు ఇనుప కవచం మాత్రం తప్పనిసరి.