కుబుసానికి కుబుసమే మందు

"మా అక్వేరియంలో చెర్రీ రొయ్య నిన్న కుబుసం విడిచింది. అప్పటినుంచి పక్కకు ఒరిగి పడి ఉంది. రెండు కాళ్లు లేవు. తోక దగ్గర పాత పెంకు ముక్క ఇంకా అంటుకునే ఉంది. పట్టకారుతో లాగేయమంటారా? ఏ మందు వేయాలి?" అని ఒక పాఠకురాలు రాశారు. జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది: లాగకండి, మందు వేయకండి. కానీ ఎందుకు వద్దో చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాదు. ఆ కారణం తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు మూడు వందల ఏళ్లకు దగ్గరగా పట్టింది. మధ్యలో కొందరు హేమాహేమీలు బోర్లా పడ్డారు కూడా.

ముందు ఓనమాలు గబగబా చెప్పుకుందాం. చెర్రీ రొయ్య తూర్పు ఆసియా మంచినీటి వాగుల జీవి, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. దాని పెంకు కైటిన్, ప్రోటీన్లు, కాల్షియం కార్బనేట్ కలిసి తయారైంది. పెంకు ఒకసారి గట్టిపడ్డాక పెరగదు, లోపలి ఒళ్లు మాత్రం పెరుగుతుంది. అందుకే పాతది వదిలి కొత్తది వేసుకోవాలి. పిల్ల రొయ్యలు వారం పది రోజులకోసారి, పెద్దవి మూడు నాలుగు వారాలకోసారి ఈ పని చేస్తాయి. భీమవరం చెరువు గట్టు మీద ఎవరినడిగినా ఇంతవరకు చెబుతారు.

ఇక అసలు సంగతి. కుబుసం విడవడమంటే చొక్కా విప్పినంత తేలిక కాదు. కాళ్లు, మీసాలు, కంటి పైపొర, మొప్పల మీది పొర, చివరికి జీర్ణాశయం లోపలి పొర కూడా ఊడి రావాలి. కొన్ని రోజుల ముందు నుంచే చర్మం పాత పెంకును వదిలి వెనక్కి జరుగుతుంది. కింద మెత్తని కొత్త పెంకు ముడతలు ముడతలుగా తయారవుతుంది. పాత పెంకు లోపలి పొరలను ఎంజైములు కరిగిస్తాయి, కొంత కాల్షియం ఒంట్లోకి చేరుతుంది. సమయం వచ్చాక రొయ్య నీళ్లు తాగి ఉబ్బుతుంది. తలనూ ఛాతీనీ కప్పే పెంకుకూ పొట్ట భాగానికీ మధ్య, వీపు మీదుండే పల్చని పొర చిట్లుతుంది. ఆ సందులోంచి ముందు తల భాగం, తర్వాత తోక భాగం ఒక్క విదిలింపుతో బయటికి వస్తాయి. అంతా సవ్యంగా ఉంటే ఈ ఆఖరి ఘట్టం క్షణాల్లో ముగుస్తుంది.

చిక్కంతా కీళ్ల దగ్గరే. కాలు లావుగా ఉంటుంది, దాన్ని లాగాల్సిన కీలు సన్నం. బిగుతు గాజులోంచి చెయ్యి తీసినట్టే. పెద్ద పంజాలున్న పీతలు దీనికి విచిత్రమైన ఉపాయం కనిపెట్టాయి. కుబుసానికి ముందు పంజాలోని కండను తామే కరిగించుకుంటాయి, తర్వాత మళ్లీ పెంచుకుంటాయి. అమెరికాలో డొరొతీ స్కిన్నర్ 1966లో నేల పీతల్లో దీన్ని వివరంగా చూపింది. కాలు ఎంతకీ రాకపోతే, దాన్ని పాత పెంకులోనే వదిలేసి ప్రాణంతో బయటపడటం రెండో ఉపాయం. మన పాఠకురాలి రొయ్య చేసింది బహుశా అదే. పెంకు వీపు మీద తెరుచుకోకుండా నడుము చుట్టూ తెల్ల పట్టీలా విడిపోతే మాత్రం జీవి ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు. పెంపకందార్లు ఆ పట్టీని చూసి భయపడేది అందుకే.

సరే, బయటపడింది. అప్పటికి దానికి గట్టి పెంకు లేదు. మనకు ఎముకలెలాగో దానికి పెంకు అలాగ. కండరాలు దేన్ని పట్టుకుని లాగాలి? మరి మెత్తని రొయ్య కదులుతోంది ఎలా? 2003లో జెన్నిఫర్ టేలర్, విలియం కియర్ అనే ఇద్దరు కుబుసం విడిచిన నీలి పీతల్లో పంజా బలాన్నీ, లోపలి ద్రవపు ఒత్తిడినీ ఒకేసారి కొలిచారు. రెండూ కలిసే పెరుగుతున్నాయి, కలిసే తగ్గుతున్నాయి. అంటే పెంకు గట్టిపడేదాకా ఒంట్లో నిండిన నీటి ఒత్తిడే ఆ పీతకు అస్థిపంజరం! వానపాము బతుకంతా నడిపే పద్ధతిని పీత కొన్నాళ్లకోసం అరువు తెచ్చుకుంటుందన్నమాట. రొయ్య కూడా అలాగే ఉబ్బి మెత్తగా ఉంటుంది. ఆ స్థితిలో పట్టకారు మొన తగిలి చిన్న చిల్లు పడిందంటే కారేది ఒట్టి రక్తం కాదు, దాన్ని నిలబెట్టే ఆసరా కూడా. అందుకే లాగొద్దన్నాను.

అయితే, కుబుసం ఎప్పుడు విడవాలో రొయ్యకు చెప్పేదెవరు? ఇక్కడే నాకు మహా ఇష్టమైన కథ మొదలవుతుంది. రొయ్య కళ్లు కాడల మీద ఉంటాయి కదా. 1905లో అమెరికాలో చార్లెస్ జెలెనీ ఫిడ్లర్ పీతల కంటికాడలు తీసేస్తే అవి మామూలు కంటే ముందే కుబుసం విడుస్తున్నాయని గమనించాడు. కన్ను పోతే పెంకు ఊడటమేమిటి? 'హార్మోన్' అన్న మాటను ఇంగ్లండులో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడాదే. మాటే అప్పుడు పుడితే, కంటికాడలో హార్మోన్ ఉందని ఎవరనుకుంటారు? దశాబ్దాలు గడిచాక గానీ ఆ వైపు దృష్టి పోలేదు.

పోయాక కూడా తప్పుదారే పట్టింది. కంటికాడలో నీలంగా మెరిసే సైనస్ గ్రంథి ఒకటుంది. చూడగానే కనిపిస్తుంది కాబట్టి హార్మోన్ తయారయ్యేది అందులోనే అన్నారు. మరి ఆ గ్రంథి ఒక్కదాన్నే నేర్పుగా తీసేస్తే కుబుసం త్వరగా రావాలి కదా? రాలేదు! 1950ల మొదట్లో డొరొతీ బ్లిస్, లియొనార్డ్ పసానో వంటివారు ముడి విప్పారు. ఆ మెరిసేది గిడ్డంగి మాత్రమే. సరుకు తయారయ్యేది దాని పక్కనే, ఎక్స్-అవయవం అనే నాడీకణాల గుంపులో. ఆ సరుకు కుబుసాన్ని అడ్డుకునే హార్మోన్. అది అందుతున్నంతకాలం తల భాగంలో ఉండే వై-అవయవాలు ఊరుకుంటాయి. అది తగ్గగానే వై-అవయవాలు ఎక్డైసోన్ అనే హార్మోన్‌ను వదులుతాయి, ఒళ్లంతా కుబుసానికి సిద్ధమవుతుంది. అంటే పెంకు విడవమని ఆజ్ఞ ఇచ్చేవారు లేరు. ఆపేవాడు చెయ్యి తీయడమే ఆజ్ఞ!

ఆ ఎక్డైసోన్‌ను పట్టుకోవడం ఇంకో సాహసం. పురుగులు కుబుసం విడిచేదీ దానితోనే కాబట్టి వేట వాటితో మొదలైంది. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల్లోంచి దక్కించుకున్నది 25 మిల్లీగ్రాములు. 1966లో ఆస్ట్రేలియాలో హాంప్‌షైర్, హార్న్ ఒక టన్ను లాబ్‌స్టర్ వ్యర్థాల నుంచి దాని చుట్టాన్ని, రొయ్యలాంటి జీవుల ఒంట్లో పనిచేసే రూపాన్ని, తీశారు. వచ్చింది 2 మిల్లీగ్రాములు. ఆ అణువులో 27 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 7 ఆక్సిజన్లు ఉంటాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

మన కోస్తా హేచరీలకు కంటికాడ సంగతి కొత్త కాదు. ఆడ రొయ్యకు కంటికాడ తీసేస్తే అండాశయం త్వరగా పండుతుందని పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1943లో చూపాడు. రొయ్య పిల్లల వ్యాపారం చాలాకాలం దాని మీదే నడిచింది. ఇంత సొగసైన యంత్రాంగానికి మనం కనిపెట్టిన ఉపయోగం కన్ను పీకడం! పోనివ్వండి.

ఇప్పుడు పోయిన కాళ్ల దగ్గరికి వద్దాం. తెగిన కాళ్లు మళ్లీ మొలుస్తాయని నదుల దగ్గరా సముద్రం దగ్గరా బతికే జనం ఎప్పటినుంచో చెప్పేవారు. పండితులు కట్టుకథ అని కొట్టిపారేశారు. 1712లో ఫ్రాన్స్‌లో రేమూర్ మంచినీటి క్రేఫిష్‌ల కాళ్లు తానే తుంచి, కాచుకుని చూసి, జాలరుల మాటే నిజమని ప్రకటించాడు. తెగినచోట ముందు గాయం మూసుకుంటుంది. తర్వాత లోపల ఒక మొగ్గ మడతలు పడి పెరుగుతుంది. కుబుసం విడిచినప్పుడు ఆ మడతలు విచ్చుకుని కాలవుతుంది. మొదటిసారి పొట్టిగా ఉన్నా, తర్వాతి కుబుసాల్లో సరిపడా పొడవొస్తుంది.

కంటికాడకూ కాలి మొగ్గకూ మధ్య ఉన్న ఒప్పందాన్ని బయటపెట్టింది మళ్లీ స్కిన్నరే. నేల పీతకు ఎక్కువ కాళ్లు ఒక్కసారిగా పోతే అది కుబుసాన్ని ముందుకు జరుపుకుంటుంది. కొత్త కాళ్లు కావాలంటే వేరే దారి లేదు మరి. కుబుసానికి సిద్ధమవుతున్న తొలి దశలో పెరుగుతున్న మొగ్గను తుంచేస్తే ఏమవుతుంది? ఒళ్లంతా ఆగుతుంది! కొత్త మొగ్గ మొలిచి మిగతావాటిని అందుకునేదాకా కుబుసం వాయిదా పడుతుంది. ఆ దశ దాటిపోతే మాత్రం ఎవరికోసమూ ఆగదు. కుంటికాలికోసం ఒళ్లంతా ఎదురుచూస్తుందన్నమాట!

అయితే ఈ మరమ్మతు ఎప్పుడూ సరిగ్గానే జరుగుతుందనుకోవద్దు. 1896లో కర్ట్ హెర్బ్‌స్ట్ రొయ్య కంటికాడను అందులోని నాడీ ముడులతో సహా తీసేస్తే, కన్ను రావాల్సిన చోట మీసం మొలిచింది!

కాబట్టి గాయపడ్డ రొయ్యకు వైద్యం తర్వాతి కుబుసమే. అంటుకున్న పెంకు ముక్క చాలావరకు తనంతట రాలుతుంది, లేదా ఆ కుబుసంతో పోతుంది. గాయం మీద నల్లమచ్చ వస్తే కంగారు పడకండి. అది సాధారణంగా మెలనిన్‌తో కట్టిన పక్కు. అంతవరకు రొయ్యను బతికించడమే మన పని. అదే తొట్టిలో, అదే నీటిలో వేలాడే బ్రీడర్ బాక్స్‌లో కాస్త నాచు వేసి ఉంచండి. మెత్తగా ఉన్నప్పుడు చేపలు, తోటి రొయ్యలు పీకకుండా ఉంటాయి. విడిచిన పెంకును తీసి పారేయకండి, రొయ్యలు దాన్ని తిని కాల్షియం రాబట్టుకుంటాయి. నీళ్లు ఒకేసారి ఎక్కువ మార్చకండి. చేపల మందుల్లో రాగి ఉంటే ఆ సీసా ముట్టుకోవద్దు. రొయ్య రక్తంలో రాగి ఉన్నమాట నిజమే, కానీ నీటిలో కరిగిన రాగి కొద్దిపాటిదైనా దాన్ని చంపగలదు. నడుము చుట్టూ పట్టీ పడి, ఏ కదలికా లేకుండా ఉన్నదానికి మాత్రం ఎవరూ చేయగలిగేది పెద్దగా లేదు.

చివరగా నా సణుగుడు. అక్వేరియం దుకాణాల్లో 'కుబుసానికి అయోడిన్' అంటూ చుక్కలమందు అమ్ముతున్నారు. కప్పపిల్ల కప్ప కావాలంటే అయోడిన్ కావాలి, నిజమే, దాని థైరాయిడ్ హార్మోన్‌లో అయోడిన్ ఉంటుంది. రొయ్యకు థైరాయిడ్ లేదు. ఇందాకటి 27, 44, 7 లెక్కలో అయోడిన్ ఎక్కడుందో చూపించండి! ఆ కుబుసపు హార్మోన్ కొలెస్ట్రాల్ నుంచి తయారవుతుంది. రొయ్య ఒళ్లు కొలెస్ట్రాల్‌ను సొంతంగా చేసుకోలేదు కాబట్టి అది మేతలోంచే రావాలి. పెంకుకు కావాల్సిన కాల్షియం, దానితోపాటు మెగ్నీషియం నీటిలో ఉండాలి. ఇంట్లో ఆర్వో యంత్రం ఆ రెంటినీ దాదాపు తుడిచిపెట్టేస్తుంది. ఆర్వో నీళ్లలో రొయ్యను పెంచుతూ కుబుసం చెడిందని బాధపడటంలో అర్థం లేదు. చెర్రీ రొయ్యలకు నీటి కాఠిన్యం, దుకాణాల భాషలో జీహెచ్, 6 నుంచి 8 డిగ్రీలు ఉండేలా చూసుకుంటారు అనుభవమున్న పెంపకందార్లు. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే చెరువుకు మినరల్స్ చల్లే మన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయోడిన్ సీసాకు పెట్టే డబ్బుతో జీహెచ్ కొలిచే కిట్ కొనుక్కోండి. మిగతాది కంటికాడ చూసుకుంటుంది.