ఓవెన్ లేని వంటింట్లో కీమా

చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఇల్లు వదిలి అద్దె గదిలో చేరిన వారికి మొదట ఎదురయ్యే సమస్య వంట. గదిలో ఉండేది ఒక గ్యాస్ స్టవ్వు, ఒక బాణలి, మహా అయితే ఒక ప్రెషర్ కుక్కర్. విదేశీ వంటల పుస్తకం తెరిస్తే ‘ఓవెన్‌ను 180 డిగ్రీలకు ముందుగా వేడి చేసుకోండి’ అన్న మాట కనిపిస్తుంది. అక్కడితో పుస్తకం మూసెయ్యవలసిందేనా? అక్కర్లేదు. మాంసం వండుకునేవారికి కీమా ఉంటే ఓవెన్‌తో పని లేదు. ఎందుకు లేదో భౌతికశాస్త్రం చెబుతుంది. అదే కీమాను మామూలు మాంసం కంటే ఎక్కువ జాగ్రత్తగా ఎందుకు ఉడికించాలో జీవశాస్త్రం చెబుతుంది. రెండూ తెలుసుకుందాం.

కొన్ని ఊళ్లలో దీన్ని కైమా అని కూడా అంటారు. మాంసాన్ని కత్తితో సన్నగా కొట్టినా, మరలో వేసి తీసినా వచ్చేది ఇదే. అది మేకది కావచ్చు, గొర్రెది కావచ్చు, పెద్దకూర కావచ్చు. అమెరికాలో ఎక్కువగా వాడేది గొడ్డు మాంసం కీమా. హాంబర్గర్ దానితో చేసేదే. కేరళలో, ఈశాన్య రాష్ట్రాల్లో, హైదరాబాదు పాతబస్తీలో పెద్దకూర వంటకాలు ఎందరికో రోజువారీ తిండి. మన దేశంలో ఈ మాంసం అమ్మకంపై చట్టాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉన్నాయి. చాలాచోట్ల దొరికేది గేదె, దున్నపోతు మాంసం. ఏది తినాలి, ఏది మానాలి అన్నది ఎవరి ఇష్టం వారిది. ఇక్కడ చెప్పే సూత్రాలు మాత్రం అన్నిటికీ ఒకటే.

ఒక చిన్న లెక్క

10 సెంటీమీటర్ల భుజం గల ఘనం ఆకారంలో ఒక మాంసపు ముక్క ఉందనుకోండి. దాని బరువు సుమారు ఒక కిలో. దానికి ఆరు ముఖాలు. ఒక్కో ముఖం 100 చదరపు సెంటీమీటర్లు. మొత్తం ఉపరితల వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు దాన్ని 2 మిల్లీమీటర్ల ఘనాలుగా తరగండి. 1,25,000 చిన్న ముక్కలు వస్తాయి. వాటి మొత్తం ఉపరితలం 30,000 చదరపు సెంటీమీటర్లు, అంటే 3 చదరపు మీటర్లు! బరువు పెరగలేదు గాని, వేడి తగిలే వైశాల్యం 50 రెట్లు పెరిగింది.

ఇంకో సంగతి. వేడి ముక్క మధ్యకు చేరడానికి పట్టే కాలం దాని మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుంది. 4 సెంటీమీటర్ల ముక్కతో పోలిస్తే 2 మిల్లీమీటర్ల కీమా మందం 20వ వంతు. కనుక వేడి లోపలికి చేరే కాలం 400వ వంతు చాలు.

ఓవెన్ ఎందుకు పుట్టిందో ఇప్పుడు ఆలోచించండి. పెద్ద మాంసఖండాన్ని పెనం మీద పెడితే అడుగు మాడుతుంది, మధ్య పచ్చిగా ఉంటుంది. అందుకని నాలుగు వైపుల నుంచి వేడి గాలితో గంటల తరబడి కాలుస్తారు. గాలి మంచి ఉష్ణవాహకం కాదు. 180 డిగ్రీల ఓవెన్‌లో క్షణంపాటు చెయ్యి పెట్టి తీయవచ్చు. అందులోని ఇనుప పళ్లాన్ని ముట్టుకుంటే మాత్రం వేలు కాలుతుంది. పలుచని కీమాకు ఆ నిదానం అక్కర్లేదు. వేడెక్కిన బాణలి నుంచి వేడి నేరుగా ఉష్ణవహనం ద్వారా అందుతుంది.

మరో లాభం కూడా ఉంది. పశువుల కాళ్లు, మెడ భాగాల మాంసం చవక గాని గట్టిగా ఉంటుంది. కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు దానికి కారణం. అది మెత్తని జిలాటిన్‌గా మారాలంటే తడి వేడిలో చాలాసేపు ఉడకాలి. కీమా మర ఆ పీచును ముందే తెంచేస్తుంది. అందుకే చవక మాంసం కూడా అరగంటలో కూరవుతుంది.

బయటిది లోపలికి

ఇక జాగ్రత్త సంగతి. ఆరోగ్యంగా ఉన్న పశువు కండ లోపలి భాగంలో సాధారణంగా బాక్టీరియా ఉండదు. కోసేటప్పుడు పేగుల్లోంచి, చర్మం మీది నుంచి మాంసం పైభాగానికి అంటుకుంటుంది. పెద్ద ముక్క పైభాగం బాగా కాలితే అది చనిపోతుంది. కాని కీమా కొట్టినప్పుడు పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. పైగా ఒకే మరలో ఎన్నో పశువుల మాంసం పడుతుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో 1993లో అమెరికా చూసింది. పశ్చిమ రాష్ట్రాల్లో ఒక హోటళ్ల సంస్థ అమ్మిన సరిగా కాలని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఇ.కోలి ఓ157:హెచ్7 అనే బాక్టీరియా. అది విడుదల చేసే విషం పేగులను, పిల్లల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గొడ్డు మాంసం కీమా మధ్యభాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది అక్కడి ప్రభుత్వ వ్యవసాయశాఖ సూచన.

రంగు చూసి చెప్పవచ్చు కదా అంటారా? మాంసానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్. గాలి తగిలి అది ముందే ఆక్సీకరణం చెంది ఉంటే, 71 డిగ్రీలకు చాలా ముందే మాంసం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి పూర్తిగా ఉడికినా గులాబీ రంగు పోదు. కాబట్టి రంగు నమ్మదగిన సాక్షి కాదు.

మరి గదిలో థర్మామీటరు ఎక్కడుంది? ఉంది, మరిగే నీరే! సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎత్తైన లేహ్‌లో కూడా సుమారు 88 డిగ్రీల దగ్గర మరుగుతుంది. విడివిడిగా పొడిలా ఉన్న కీమా పావుగంట సేపు తెర్లే పులుసులో ఉంటే, 71 దాటని రేణువు మిగలదు. మన కీమా కూర హాంబర్గర్ కంటే క్షేమం కావడానికి కారణం ఇదే.

పొయ్యి మీద నాలుగు వంటలు

1. ఆలూ కీమా: వెడల్పాటి బాణలిలో కొంచెం నూనె వేసి అర కిలో కీమాను రెండు వాయిలుగా వేయించండి. ఒకేసారి వేస్తే ఊరిన నీటిలో కీమా ఉడుకుతుందే గాని వేగదు. నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. నీరు ఇగిరి, సుమారు 140 డిగ్రీలకు చేరినప్పుడే మాంసకృత్తులు, చక్కెరలు చురుగ్గా చర్య జరిపి కమ్మని వాసన వస్తుంది. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మైయార్ పేరే దీనికి పెట్టారు. తరువాత ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, టమాటా, బంగాళాదుంప ముక్కలు, ఒక గ్లాసు నీళ్లు వేసి మూతపెట్టి 20 నిమిషాలు ఉడికించండి.

2. ఖిచిడీ, కీమా: హైదరాబాదీల ఉదయపు ఫలహారం. కందిపప్పుకు బదులు ఎర్ర మసూర్ పప్పు, బియ్యం కలిపి కుక్కర్‌లో ఖిచిడీ చేసుకోండి. బంగాళాదుంప లేకుండా పై కీమానే దగ్గరగా ఇగర్చండి. పక్కన చింతపండు, నువ్వులతో చేసిన ఖట్టా ఉంటే భోజనం పూర్తయినట్లే.

3. కోఫ్తా: కీమాలో ఉప్పు, మసాలా వేసి బాగా పిసకండి. ఉప్పుకు కరిగిన మాంసకృత్తులు జిగురులా పట్టి ఉంచుతాయి; ఉండలు విడిపోవు. చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి మరుగుతున్న పులుసులో వేసి, మూతపెట్టి 20 నిమిషాలు ఉడికించండి. ఉండ పెద్దదైతే కాలం ఎంత పెరుగుతుందో పై లెక్క గుర్తు చేసుకోండి.

4. షామీ కబాబ్: నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయ, అల్లం, ఎండుమిర్చితో కీమాను కొద్ది నీళ్లలో ఉడికించి, నీరు పూర్తిగా ఇగిరాక రుబ్బండి. బిళ్లలుగా తట్టి పెనం మీద కాల్చండి. కీమా ముందే ఉడికింది గనుక కాల్చేది రంగు, రుచి కోసమే.

మిగిలిన కూర మాటేమిటి?

పచ్చి కీమాను కొన్న రోజే వండండి. అది తగిలిన చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగకుండా కీరా, ఉల్లిపాయ తరగవద్దు. అవి ఉడకవు కదా! వండిన కూరను రెండు గంటలలోపు వెడల్పు గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. అనువైన వెచ్చదనంలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక్కటే ఉన్నా, ఆరు గంటల్లో 2,62,144 అవుతుంది! ‘మళ్లీ వేడి చేస్తే చచ్చిపోతాయిలే’ అనుకోవద్దు. స్టెఫైలోకాకస్ వంటివి వదిలిన విషం మరిగించినా పోదు.

ఇప్పుడు మీకొక ప్రయోగం. శాకాహారులు కూడా చేయవచ్చు. ఒక పెద్ద బంగాళాదుంపను 4 సెంటీమీటర్ల ముక్కగా, మరోదాన్ని 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మరిగే నీటిలో ఒకేసారి వేయండి. పుల్లతో గుచ్చి చూస్తూ, ఏవి ఎన్ని నిమిషాలకు మధ్యదాకా మెత్తబడ్డాయో గడియారం చూసి రాసుకోండి. ఆ రెండు అంకెల నిష్పత్తి ఎంత వచ్చింది? నాలుగుకు దగ్గరగా వచ్చిందా?