ఆరు నాటకాలు ఎక్కడ ఆడాలి?

మొన్న ఎండాకాలంలో మా చిన్నాయన బిడ్డ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్ఎస్‌డీ) నోటిఫికేషన్. డిగ్రీ అయింది, వయసు 18 నుంచి 30 లోపే ఉంది. హిందీ, ఇంగ్లిష్ కొంచెం రావాలి అన్నారు. ఇచ్చోడ పిల్లకు హిందీ ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నీ సరిపోయి ఒక్కచోట ఆగింది. కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి, రుజువులు చూపాలి. "ఆడుడు పక్కన పెట్టు, నేను ఆరు నాటకాలు చూడనే లేదన్నా" అంది.

నటన మీద ఆశ ఉండి, ఊరు దాటని మీలో చాలామంది ఆగేది ఇక్కడే. ఎన్ఎస్‌డీ 1959లో మొదలైంది. మూడేళ్ల కోర్సు, ఈ మధ్య ఏటా 32 సీట్లు, చదివినన్నాళ్లూ నెలనెలా స్టైపెండ్. డబ్బు లేక వదులుకోవాల్సిన చదువు కాదు. హైదరాబాద్ కుర్రాడైతే సాయంత్రం బస్సెక్కి రవీంద్రభారతికో లామకాన్‌కో పోతాడు, ఏదో ఒక బృందంలో చేరతాడు. ఇచ్చోడ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. నాటకం ఒక్క రాత్రి ఆట అయినా రిహార్సల్స్ నెల సాగుతాయి. రోజూ పోయి రాగలమా?

నా సంగతీ అంతే. మొదటిసారి నాటకం చూసింది ఇంజినీరింగ్ మూడో ఏట. అప్పటిదాకా 'థియేటర్' అంటే సినిమా హాలే అనుకున్నా.

స్టేజీ లేకుండానే

ఇక్కడ మీకు బాదల్ సర్కార్ గురించి చెప్పాలి. బెంగాలీ నాటక రచయిత. చదివింది సివిల్ ఇంజినీరింగ్, ఉద్యోగం టౌన్ ప్లానింగ్. తెర, లైట్లు, సెట్టింగులు, టికెట్ల ఖర్చు మోయలేమని ఆయన నాటకాన్ని గదుల్లోకి, మైదానాల్లోకి తెచ్చాడు. జనం చుట్టూ కూర్చుంటారు, నటులు మధ్యలో ఆడతారు. దాన్నే థర్డ్ థియేటర్ అన్నారు. ఇంజినీరు బుర్ర కదా, నాటకానికి తప్పనిసరిగా కావాల్సింది ఏంటని లెక్కేసి మిగతాదంతా తీసేశాడనిపిస్తుంది నాకు.

మా చెల్లె కూడా అదే చేసింది. ఐదుగురు దోస్తులు, ఒక బడి వరండా, ఇరవై నిమిషాల ఆట. బస్సు బందయితే ఆడపిల్లల చదువు ఎట్లా ఆగిపోతుందో అన్నదే కథ. సొంతంగా రాసుకున్నారు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేరేవాళ్ల స్క్రిప్ట్ అయితే రచయితను అడగాల్సిందే. మన దగ్గర తెలుగు, మరాఠీ, గోండి, హిందీ, లంబాడీ ఒకే బజార్లో వినబడతాయి. అవన్నీ డైలాగుల్లోకి వచ్చేసరికి ముందు వరుస ముసలమ్మలు పగలబడి నవ్వారు.

రుజువుల పని మాత్రం నా మీద పడింది. తేదీ, ఊరు, నటుల పేర్లు ఉన్న పోస్టర్. ఆడిన బడి హెడ్మాస్టర్‌తోనో సర్పంచ్‌తోనో సంతకం, ముద్ర ఉన్న ఒక కాగితం. మొదటి నుంచి చివరిదాకా కోయని వీడియో. ఫోన్ అడ్డంగా పెట్టి ట్రైపాడ్‌కు బిగించండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు, మాట వినబడకపోతే అంతా వృథా. మొదటి ఆటకు మేం ఫోన్ దూరంగా పెట్టాం. గాలి హోరు తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ఇంకో ఫోన్‌ను నటుల దగ్గర దాచి మాటలు విడిగా రికార్డ్ చేసి కలిపాం. రుజువుగా దేన్ని ఒప్పుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో మళ్లీ చదువుకోండి.

ఒక మాట. దీపావళికి దండారి ఆడతాం కదా, గుస్సాడీని నాటకం కింద రాసుకోవచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు. అది దీక్ష, దేవుడి పని. దాన్ని దాని పేరుతోనే చెప్పండి, చిన్నతనమేమీ కాదు. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది గుస్సాడీకే. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. నాటకంతో పాటు జానపద, సంప్రదాయ కళలూ అందులో ఉన్నాయి. గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకుని ఉండాలన్నది షరతు. చిన్నప్పటి నుంచి పెద్దల వెనక ఆడినవాళ్లు, ఆ గురువుతో కాగితం రాయించుకుని దరఖాస్తు పెట్టండి.

ఢిల్లీ ఒక్కటే కాదు

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో రెండేళ్ల ఎంపీఏ ఉంది. ఏ డిగ్రీ అయినా సరే, ప్రవేశ పరీక్ష రాయాలి. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. కన్నడం నేర్చుకునే ఓపిక ఉంటే శివమొగ్గ జిల్లా హెగ్గోడులో నీనాసం. వక్కతోటల మధ్య చిన్న ఊరు. 1949లో కె.వి.సుబ్బణ్ణ, ఆయన మిత్రులు మొదలుపెట్టారు, 1980 నుంచి అక్కడ నాటక శిక్షణ నడుస్తోంది. 1991లో సుబ్బణ్ణకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఊళ్లో నాటకమా అనేవాళ్లకు నేను ఈ పేరే చెబుతా.

సంపాదన గురించి అబద్ధం చెప్పను. నాటకం చేసేవాళ్లలో ఎక్కువమంది పక్కన బడిలో పాఠాలో, డబ్బింగో, సినిమాల్లో చిన్న వేషాలో చేసుకుంటూ బతుకుతారు. ఇంట్లో ఈ మాట ముందే చెప్పండి. మా చిన్నాయనకు చెప్పాం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పోస్టర్ ప్రింటుకు డబ్బులిచ్చాడు.

ఇప్పటికి రెండు ఆటలు అయినయి. మూడోదానికి స్క్రిప్ట్ రెడీగా ఉంది గానీ రిహార్సల్ మొదలుకాలేదు. ఇద్దరు నటులు పత్తి ఏరడానికి పోతున్నారు, ఆ పని అయ్యాకే.